కుడి నుంచి చదివిన కీమియా

పోయిన వారం అన్న సమాధికి సున్నం వేశాం. అన్న కొడుకు కిరణ్ రంగు డబ్బా తెస్తానన్నాడు. దుకాణంలోనే కలిపి ఇస్తారట, ఏళ్ళ తరబడి వెలిసిపోదట. నాకు రంగు వద్దు, సున్నమే కావాలన్నాను. "ఈ కాలంల సున్నం ఎవరమ్ముతుండ్రు అత్తమ్మా?" అన్నాడు గాని, నా మాట కాదనలేక బండి మీద మేడ్చల్ అంతా తిరిగి, చివరికి శామీర్‌పేటలో ఒక పాత దుకాణంలో కాల్చిన రాతిసున్నం దొరికిందని సంచిలో పట్టుకొచ్చాడు. దాన్ని ప్లాస్టిక్ బకెట్టులో వేసి నీళ్ళు పోయబోతుంటే ఆపి, పెరట్లో పడి ఉన్న పాత ఇనప గంగాళం తెప్పించాను. నీళ్ళు పడ్డాక గడ్డలు కాసేపు ఏమీ ఎరగనట్టు ఊరుకున్నాయి. తర్వాత పగిలి, బుసకొట్టి, కుతకుత ఉడకడం మొదలుపెట్టాయి. కిరణ్ గబుక్కున వెనక్కి జరిగాడు. "నిప్పు లేకుండ ఎట్ల మసులుతుంది?" అని అడిగాడు. కంప్యూటర్ల మీద పని చేసి రిటైరయినవాడు. వాళ్ళ నాయిన జీవితమంతా పిల్లలకు కెమిస్ట్రీ చెప్పాడు. వీడు మాత్రం సున్నం ఉడకడం చూడలేదు. తడి సున్నం ఆవిరి ముక్కుకు తగలగానే నాకు నవ్వు వచ్చింది. అన్న పోయిన తర్వాత నవ్వడం అదే మొదలు. ఆ వాసనతో పాటు అన్న రైలు తలుపు దగ్గర నిలబడి వేసిన కేక గుర్తొచ్చింది: "రాయి సున్నమైంది చెల్లే!" ఆ మాట ఎందుకన్నాడో తెలిసినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను. అందుకే ఇది రాస్తున్నాను.

మా బాపు మేడ్చల్ స్టేషన్‌లో గూడ్సు షెడ్డు జమాదారు. ఎడ్ల బండ్ల మీద వచ్చిన మూటలను హమాలీల చేత దింపించడం, వాగన్లలోకి ఎక్కించడం, ఎన్ని ఎక్కాయో ఎన్ని దిగాయో సరిచూడడం ఆయన పని. ఇల్లు స్టేషన్ వెనకే. బొగ్గు పొగ, గోనెల వాసన, మిరపకాయల మూటలు వచ్చిన రోజు ఇంటిల్లిపాదికీ తుమ్ములు, ఇవే నా చిన్నతనం. పొద్దున్నే అమ్మ ప్రార్థన చేసుకొని మిషన్ ఆస్పత్రికి ఆయా పనికి పోయేది. అవ్వ జొన్నరొట్టెలు కొడుతూ పాటల పుస్తకంలో పాటలన్నీ ఒకే రాగంలో పాడేది. అవ్వకు ఆకు వక్క అలవాటు. పాస్టరయ్య ఎన్నిసార్లు చెప్పినా మానలేదు. "ఆకు దేవుడు పుట్టిచ్చిండు, వక్క దేవుడు పుట్టిచ్చిండు, నడుమ సున్నం మా కొడుకు కాలుస్తుండు. ఇండ్ల సైతాను ఏడుంది అయ్యగారూ?" అనేది. ఆ సున్నాన్ని కిటికీలో ఒక మట్టి ముంతలో పెట్టి, పైన ఎప్పుడూ నీళ్ళు నిలిచేలా చూసుకునేది. నీళ్ళు తగ్గితే మమ్మల్ని కేకేసేది. "ఎండితే రాయైతది బిడ్డా, జల్దీ పొయ్యి" అనేది. ఆ మాటలో ఎంత కెమిస్ట్రీ ఉందో అవ్వకూ తెలియదు, అప్పటికి మాకూ తెలియదు.

అవ్వ చెప్పిన కొడుకు మా అమ్మ తమ్ముడు, యాకోబు మామ. అవ్వ అమ్మను కన్న తల్లి, మా దగ్గరే ఉండేది. మామకు శామీర్‌పేట చెరువుకు అవతల సున్నపు బట్టీ ఉండేది. అక్కడి నుంచి సున్నం మూటలు బండ్ల మీద మేడ్చల్ స్టేషన్‌కు వచ్చి, బాపు చేతుల మీదుగా రైలెక్కేవి. మామ మంచి మాటకారి. ఎడమ కన్ను మాత్రం ఎప్పుడో మరుగుతున్న సున్నం చిట్లి పడి తెల్లబడిపోయింది. బట్టీలో పనిచేసే అందరి వేళ్ళూ పగిలి ఉండేవి. రాత్రి నూనె రాసుకొని పడుకునేవారు. మామకు కొడుకుల్లేరు. మా అన్న సామేలు మీద ఆయన కన్ను ఉండేది.

అన్న రోజూ పొద్దుటి బండికి పట్నం హైస్కూలుకు పోయి సాయంత్రం బండికి వచ్చేవాడు. ఆ రోజుల్లో మా రాజ్యంలో పై చదువులన్నీ ఉర్దూలోనే. లెక్కలు ఉర్దూలో, భూగోళం ఉర్దూలో, సైన్సు ఉర్దూలో. ఇంట్లో తెలుగు తప్ప వినని పిల్లవాడు పట్నంలో రైలు దిగగానే ఇంకో భాషలోకి దిగేవాడు. నేను మిషన్ వాళ్ళ ఆడపిల్లల బడిలో తెలుగులో చదువుకునేదాన్ని. అక్కడ దొరసాని ఒకావిడ ఇంగ్లీషు అక్షరాలు దిద్దించేది, అంతవరకే. అన్న ఉర్దూ బాగానే నేర్చుకున్నాడు. లెక్కల్లో మంచి మార్కులు వచ్చేవి. కీమియా దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆగిపోయాడు. కీమియా అంటే కెమిస్ట్రీ. మెట్రిక్ పరీక్షలో అన్నీ పాసై అదొక్కటి పోయింది. అదొక్కటి పోతే అంతా పోయినట్టే లెక్క.

ఆ ఆదివారం మామ మా ఇంటికొచ్చాడు. చర్చి నుంచి వచ్చి అందరం అరుగు మీద కూర్చున్నాం. "ఏందల్లుడా, కీమియల ఫేలైనవంట గద?" అన్నాడు. అన్న తల వంచుకున్నాడు. "ఏం గాదు తియ్. నా బట్టీల ఇప్పటిదాంక ఫేలైనోడు ఒక్కడు లేడు. పార పట్టుకున్నోడల్లా పాసే. నీ కోసం కొత్త పార చేయించిన, కట్టె నున్నగ చిత్రిక పట్టిచ్చిన" అన్నాడు. అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. బాపు అన్నతో, "ఇంకొక్కపారి రాయి. గదిగూడ పోతే ఇగ మామ వెంబడి పో. నాతోని గింతకన్న కాదు" అన్నాడు. కోపంగా అనలేదు. అలా అనడమే భయంగా ఉండింది. అన్నకు బట్టీ అంటే చిన్నచూపు లేదు. మామ అంటే ప్రేమే. కానీ ఆ రోజు అన్న మామ తెల్లకన్ను వైపే చూస్తుండడం నేను చూశాను.

ఆ తర్వాత అన్న చదువు చూడాలి. సాయంత్రం బండి దిగగానే గూడ్సు షెడ్డు వసారాలో, ఎక్కించడానికి సిద్ధంగా ఉన్న మూటల మీద కూర్చునేవాడు. యుద్ధం రోజులు గనుక కిరోసిన్ దొరకదు. వెలుగుండగానే చదువు ముగించాలి. పుస్తకం ఒళ్ళో పెట్టుకొని ముందుకూ వెనక్కూ ఊగుతూ, గొంతెత్తి పాఠం మొత్తం అప్పజెప్పేవాడు. నేను పక్కన కూర్చొని అమ్మ ఇచ్చిన కందిపప్పులో రాళ్ళు ఏరేదాన్ని. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అన్నకూ అర్థం కావడం లేదని మాత్రం ఆ గొంతు వింటే తెలిసిపోయేది. అర్థమైనవాడు అక్కడక్కడ ఆగుతాడు. అన్న ఎక్కడా ఆగేవాడు కాదు.

ఒకరోజు పప్పు చెరుగుతూ పుస్తకంలోకి తొంగి చూశాను. ఉర్దూ రాత మధ్యలో అక్కడక్కడ విడిగా ఒక్కో వరుస ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. పేజీ మొత్తంలో నాకు పోల్చుకోగలిగినవి అవే. "అన్నా, గీ నడుమ ఏబీసీడీలల్ల ఏందో ఉంది గద, గదేంది?" అన్నాను.

"గది మసావాత్."

"గంటే?"

"సమానం అన్నట్టు. రెండు దిక్కుల సమానం ఉంటది. గా నడుమ రెండు గీతలున్నయి జూడు." తర్వాత కొంచెం గొప్పగా, "గిది మామ బట్టీ సంగతే. కార్బన్ డయాక్సైడ్ అని ఒక గాలి ఉంటది. గా గాలి, కాల్చిన సున్నం కలిస్తే సున్నపురాయి అయితది" అన్నాడు.

నేను చాట పక్కన పెట్టాను. "బట్టీల రాయి పోసి కాలిస్తే సున్నం అయితది. సున్నం పోస్తే రాయి ఎట్లయితది? నువ్వు జెప్పేది ఉల్టా ఉందే."

"పుస్తకం ఉల్టా రాస్తదా? నువ్వేమన్న మాస్టర్ సాబువా? గీ కీమియంతా గిట్లనే ఉంటది. అర్థం అడుగొద్దు, బట్టీ పట్టాలె."

"బట్టీ పట్టుడే అయితే మామ తానికే పోరాదు?" అన్నాను. అన్న నా నెత్తి మీద ఒక మొట్టికాయ వేశాడు. అయినా నేను వదల్లేదు. "గిండ్ల రాయి ఏది?" అన్నాను. వరుసకు ఎడమ కొసన ఉన్న CaCO₃ చూపించాడు. "మరి గదే మొదలున్నది గద" అన్నాను.

"మొదలు యాడుంది? మొదలు గిది" అని అన్న వరుసకు కుడి కొసన వేలు పెట్టాడు.

ఇద్దరం ఆ వేలి వైపు చూశాం. ఇప్పుడు ఇంత కాలం తర్వాత కూడా ఆ వేలు నాకు కనిపిస్తోంది, గోటి కింద సిరా మరక. ఉర్దూ కుడి నుంచి ఎడమకు చదవాలి. అన్న కన్ను కుడి కొస నుంచి బయలుదేరి వరుస వెంట వచ్చి, ఈ అక్షరాలు తగిలినా అదే దారిన సాగిపోయేది. అన్నకు ఇంగ్లీషు ఎడమ నుంచి చదవాలని తెలియక కాదు. ఇంగ్లీషు పుస్తకం సరిగానే చదివేవాడు. కానీ ఇవి ఇంగ్లీషు మాటలని అనుకోలేదు, ఉర్దూ పాఠంలో గుర్తులు అనుకున్నాడు. ఇప్పటి పుస్తకాల్లో బాణం గుర్తు ఉంటుంది, ఎటు నుంచి ఎటు పోవాలో అదే చెబుతుంది. అప్పటి పుస్తకంలో రెండు గీతలే. పేరు కూడా మసావాత్, సమానం. లెక్కల్లో సమానం గుర్తుకు ఇటు నుంచి చదివినా అటు నుంచి చదివినా తేడా రాదు. అన్న లెక్కల్లో గట్టివాడు కాబట్టే ఇక్కడ అనుమానం రాలేదు. పరీక్షలో కూడా గాలి, సున్నం కలిస్తే రాయి అవుతుందని, అన్నీ అలాగే మాటల్లో రాసుకుంటూ పోయాడు. దిద్దినవాళ్ళకు ప్రతి జవాబు తలకిందులుగా కనిపించి ఉంటుంది. మాస్టర్ సాబ్ మంచివాడేనట, బోర్డు మీద రాసి, పిల్లల వైపు తిరిగి అప్పజెప్పించుకునేవాడట. ఇటు నుంచి చదవండి అని చెప్పవలసిన అవసరం ఉంటుందని ఎవరికి తోస్తుంది?

అన్న వేలు తీశాడు. పేజీ తిప్పాడు. ఇంకో సమీకరణం మీద, ఈసారి ఎడమ కొసన వేలు పెట్టి, మెల్లగా జరిపాడు. పెదవులు కదిలాయి. ఇంకో పేజీ. "జస్తం మీద తేజాబ్ పోస్తే గాలి వస్తది! నేనేమో గాలి పోస్తే జస్తం వస్తదని చదివిన గదనే!" జస్తం అంటే జింకు, తేజాబ్ అంటే ఆసిడ్. పేజీలు జల్దీ జల్దీ తిరుగుతున్నాయి. ఏడాదిగా ఏ పాఠం చూసినా పిచ్చివాడి మాటలా ఉన్న పుస్తకం, ఒక్కొక్క పేజీ లేచి మర్యాదగా మాట్లాడుతోంది. బొగ్గు మండితే పొగ వస్తుందట, పొగ మండితే బొగ్గు రాదట. లోకంలో ఏది ఎలా జరుగుతుందో పుస్తకంలో కూడా అలాగే జరుగుతోంది. అన్న మూటల మీది నుంచి దూకి, పుస్తకం నెత్తిన పెట్టుకొని షెడ్డు చుట్టూ పరుగెత్తాడు. హమాలీ మల్లయ్య మూట దించి, "రూతమ్మా, సామేలుకేమైందే? తేలు గుట్టిందా?" అన్నాడు. "లే మల్లయ్య తాతా, పుస్తకం సీదా అయింది" అన్నాను. మల్లయ్య తాత కాసేపు ఆలోచించి, "గట్లనా, మంచిదే" అని మూట ఎత్తుకున్నాడు.

తర్వాతి ఆదివారం ఖాళీ గోనెలు వేసుకొని పోయే బండి మీద ఇద్దరం శామీర్‌పేట పోయాం. చెరువు గాలి, బట్టీ వేడి ఒకేసారి తగిలే చోట మామ నిలబడి ఉన్నాడు. కాలిన రాయిని గుంటలో పోయించి నీళ్ళు పోయించాడు. ఎన్నోసార్లు చూసిన పనే. ఆ రోజు అన్న గుంట అంచున మోకాళ్ళ మీద కూర్చొని, ఎడమ చేతిని గాలిలో ఎడమ నుంచి కుడికి జరుపుతూ, "CaO, నీళ్ళు, సమానం, తడిసున్నం, ఇగ గీ మంట లెక్కల లేదు గాని వస్తాంది, జూడు రూతూ, వస్తాంది!" అని అరిచాడు. గుంట ఉడికి ఉడికి తెల్లటి పిండిలా పొంగింది. మామ మురిసిపోయాడు. ఇంటికొచ్చి అమ్మతో, "అక్కా, సున్నం ఉడికితే గంతులేస్తుండు. వీనికి బట్టీ పనే రాసిపెట్టుంది, పరీక్షెందుకు పరేషాన్?" అన్నాడు. అన్న, నేను ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాం.

దిశ తెలిసింది గాని తూకం ఇంకా కుదరలేదు. మసావాత్ అంటే సమానం కావాలి. ఉదజని అంటే హైడ్రోజన్. అదీ ప్రాణవాయువూ కలిస్తే నీళ్ళు. ఒక పక్క ప్రాణవాయువు రెండు, ఇంకో పక్క ఒకటి. అన్న నీళ్ళ గుర్తులో, H₂Oలో, O పక్కన బుల్లి రెండు చేర్చి, "అయిపాయె, సమానం" అన్నాడు. పుస్తకం వెనక ఉన్న జవాబు చూస్తే అది కాదు. ఎందుకు కాదో పుస్తకం చెప్పదు. సరిగ్గా అప్పుడే షెడ్డు ముందు బాపు అరుస్తున్నాడు. ఒక బండివాడు తెచ్చిన మూటలు ఒకటి తక్కువయ్యాయి. వాడు ఒక పెద్ద మూట కుట్టు విప్పి, దాన్ని రెండు చేసి సరిపెట్టబోయాడు. "కట్టిన మూట కుట్టు విప్పుతవార? విప్పితే గది వేరే సరుకైతది! తక్కువైతే ఇంకో మూట తేవాలె, లేకుంటే తక్కువని జెప్పాలె. మూట మాత్రం ముట్టొద్దు!" బండివాడు, "గంత కోపమెందుకు జమాదార్ సాబ్, కుట్టే గద, మల్ల కుడ్త" అని గొణుగుతున్నాడు.

నేను అన్న భుజం పట్టుకొని ఊపాను. "అన్నా, నీళ్ళు ఒక మూట. కుట్టేసిన మూట. నువ్వు లోపట ఇంకోటి పెట్టి కుడితే గది నీళ్ళు గాదు, వేరే సరుకు. రెండు మూటలు పెట్టు." అన్న నీళ్ళ ముందు రెండు వేశాడు. ప్రాణవాయువు సరిపోయింది. ఇప్పుడు ఉదజని తక్కువైంది. దాని మూటలు కూడా రెండు చేశాడు. అంతే, రెండు పక్కలా సమానం. ఆ వారమంతా ఇంట్లో ఏది కనిపించినా మాకు మూటలే. అన్నం తింటూ అన్న, "అల్యూమినియం నాలుగు, ప్రాణవాయువు మూడు మూటలు!" అని కేక పెడితే అవ్వ ఉలిక్కిపడి, "తినేటప్పుడు గీ మూటల లెక్కేందిరా, మీ బాపు చాలడా?" అని తిట్టేది.

అవ్వ సున్నపు ముంత మా చేతిలో పడింది అప్పుడే. పైన తేరిన నీటిని ఒక గాజు గ్లాసులోకి వంచి, పెరట్లోని బొప్పాయి ఆకు కాడ తెంపి, అన్న దాంతో లోపలికి ఊదాడు. తేట నీళ్ళు మెల్లగా మజ్జిగలా తెల్లబడ్డాయి. అవ్వ నోట్లో ఆకు నమలడం ఆపి చూసింది. "మంత్రమేశినవారా?" అంది. "లే అవ్వా, ఊపిరే. నా ఊపిరిల గాలి, నీ సున్నం కలిసి రాయి అయింది. గా తెల్లగ తేలేది రాయి పిండి" అన్నాడు. అవ్వ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "గది నేనెప్పుడు జెప్పలేదా? ఎండితే రాయైతదని" అని మళ్ళీ నమలడం మొదలుపెట్టింది. అన్న గ్లాసును వెలుగుకు ఎత్తి చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, "రూతూ, గట్లయితే నేను ఉల్టా చదివింది గూడ అబద్ధం గాదే. గాలి, సున్నం కలిస్తే రాయైతాంది. కాకుంటే నడుమ నీళ్ళు వచ్చిపోతున్నయి, గంతే. బట్టీల ఇటు నుంచి అటు, గోడ మీద అటు నుంచి ఇటు!" అన్నాడు. ఏడాదంతా అవమానపడ్డ తప్పు తనకు ఒక నిజాన్ని కూడా దాచి పెట్టిందని తెలిసిన పిల్లవాడి సంతోషం అది. అంత సంతోషం నేను ఆ తర్వాత ఏ మొహంలోనూ చూడలేదు.

చివరి పాఠం అన్నిటికన్నా కష్టం. అయాన్‌కు ఆ పుస్తకంలో రవాన్ అని పేరు. గూడ్సు షెడ్డు పిల్లలం, మాకు రవానా తప్ప వేరే మాట ఎలా వినిపిస్తుంది? "ఉప్పు నీళ్ళల్ల వేస్తే రవానా అయితదట" అన్నాడు అన్న. "రవానా అయిపోతే నీళ్ళు ఉప్పగ ఎందుకుంటయి? పోయింది పోవాలె గద" అన్నాను. దానికి అన్న రెండు మూడు రోజులు ఆలోచించాడు. సాయంత్రం బండి దిగుతూనే, నమస్కారం లేదు ఏమీ లేదు, "పోలేదే, బయలెల్లింది. ఇంక చేరలేదు. నడుమ తిరుగుతుంది, గదే రవాన్" అన్నాడు. అయినా ప్లస్సు, మైనస్సు మాకు కొరుకుడు పడలేదు. సోడియం ఒక ఎలక్ట్రాన్ ఇచ్చేస్తుందట, ఇచ్చినందుకు దానికి ప్లస్సు వస్తుందట. "ఇచ్చినోనికి ప్లస్సేంది? ఇచ్చినోడు తక్కువైతడు గద!" అని నేను పోట్లాడాను. "ఎలక్ట్రానంటేనే మైనస్సు. మెడ మీది మైనస్సు దించి పోతే ప్లస్సు గాక ఏమైతడు?" అన్నాడు. మాటగా ఒప్పుకున్నాను, మనసు ఒప్పుకోలేదు.

మనసు ఒప్పుకున్నది అవ్వ అడకత్తెర వల్ల. బండ్ల ఎడ్ల గిట్టల పుండ్లకని ఇంట్లో మైలుతుత్తం, అదే కాపర్ సల్ఫేట్, ఉండేది. అన్న దాన్ని నీళ్ళలో కరిగించి, ఆ నీలి నీళ్ళలో ముంచడానికి ఇనుము కావాలని వెతికితే, చేతికందింది వక్కలు కత్తిరించే అడకత్తెర. కాసేపటికి తీస్తే ముంచినంత మేరా రాగి రంగు. గోరుతో గీకితే నిజంగా రాగే. "రాగి నీళ్ళల్ల రవానల ఉండె," అన్నాడు అన్న, "రెండు మైనస్సులు లేకుండ తిరుగుతాంది. ఇనుము తన మీది రెండు మైనస్సులు రాగికి అప్పజెప్పి, తను నీళ్ళల్లకెక్కింది. రాగి దిగింది. ఒకరు దిగితే ఒకరు ఎక్కిండ్రు రూతూ!" స్టేషన్ పిల్లలకు ఇంకేం చెప్పాలి? నీలి నీళ్ళలో కంటికి కనబడని ప్రయాణికులు నాకు కనిపించారు. ఇంతలో అవ్వ అడకత్తెర వెతుక్కుంటూ వచ్చింది. చూసి, "అయ్యో కొడకా, నా అడకత్తెరకు రాగి పూత పోయించినవా? ఎంత ముద్దుగుందిరా!" అంది. అన్న, "అవ్వా దాంతోని వక్క కత్తిరియ్యకు, తుత్తం విషం" అన్నాడు. మరుక్షణం అవ్వ ముద్దు పోయింది, చీపురు వచ్చింది. చింతపండు, బూడిద వేసి తోమే పని ఇద్దరికీ పడింది.

అన్న పరీక్ష రాసి వచ్చాడు. రవాన్ అంటే ఏమిటని ప్రశ్న వచ్చిందని, "బయలుదేరి, ఇంకా చేరనిది" అని ఉర్దూలో రాసి, కింద అడకత్తెర సమీకరణం వేశానని మాత్రం చెప్పాడు. ఫలితాలు తెలిసేదాకా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు. మామ మాత్రం ఒకసారి కొత్త పార తెచ్చి మా అరుగు మూలన ఆనించి పోయాడు. బెదిరించడానికి కాదు, ప్రేమతోనే. కానీ రోజూ పొద్దున లేవగానే అది కనిపించేది. అమ్మ దాని పక్కనుంచి నడిచేటప్పుడు చీర కుచ్చిళ్ళు దగ్గరకు తీసుకునేది.

ఫలితాలు చూడడానికి అన్న పొద్దుటి బండికి పోయాడు. ఆ రోజు సాయంత్రం నేను, బాపు ప్లాట్‌ఫారం మీద ఉన్నాం. బాపు మూటలు లెక్కపెడుతున్నాడు, తప్పుతున్నాడు, మళ్ళీ మొదలు పెడుతున్నాడు. బండి గుండ్లపోచంపల్లి వైపు నుంచి వస్తూ కూత వేసింది. ఇంకా ఆగలేదు. ఒక పెట్టె తలుపు దగ్గర అన్న కమ్మీ పట్టుకొని బయటికి వంగి, ఎడమ నుంచి కుడికి చెయ్యి చాచి ఊపుతూ అరిచాడు: "రాయి సున్నమైంది చెల్లే!" ప్లాట్‌ఫారం మీద ఉన్నవాళ్ళు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. బాపు, "ఏమంటుండు? ఏమంటుండే?" అని నా చెయ్యి పట్టుకున్నాడు. "పాసైండు బాపూ" అన్నాను. బాపు మూటల మీద కూర్చున్నాడు. హమాలీలంతా పని ఆపి చూస్తుంటే తలపాగ తీసి మొహం తుడుచుకున్నాడు. కాసేపటికి లేచి, "మూటలెక్కియ్యుండ్రి, ఏం జూస్తుండ్రు?" అని అరిచాడు. ఆ వారం మామ వచ్చి పార తీసుకుపోయాడు. అన్న నెత్తి మీద చెయ్యి పెట్టి, "నా బట్టీల ఫేలైన మొదటోడివి నువ్వేరా అల్లుడా" అని నవ్వాడు. ఆ తెల్లకన్నులో కూడా నీళ్ళు వస్తాయని నాకు అప్పుడే తెలిసింది.

అన్న సైన్సు మాస్టరయ్యాడు. కొన్నాళ్ళకు రాజ్యం మారింది, ఉర్దూ పోయి చదువు తెలుగులోకి వచ్చింది. అన్న మాత్రం ఏ కొత్త తరగతికి వెళ్ళినా బోర్డు మీద ఒక సమీకరణం రాసి, ముందు "దీన్ని ఎటు దిక్కు నుంచి చదువుతరు?" అని అడిగేవాడట. పిల్లలు నవ్వేవారట. నవ్వని పిల్లవాడు ఒక్కడైనా ఉంటాడేమోనని అన్న ప్రతి మొహం చూసేవాడు. ఆ పుస్తకం నాకిచ్చాడు. నేను ఉర్దూ నేర్చుకున్నది దాన్ని సొంతంగా చదవడానికే. బాపు నన్ను కూడా చదివించాడు, నేను కూడా బడిలో టీచరుగా చేరాను. అది వేరే కథ. ఇప్పుడు గుండ్లపోచంపల్లి దారిలో గోదాములే గోదాములు. పెట్టెల మీద గీతల గుర్తులు, వాటిని చదివే యంత్రాలు. అరిచే జమాదారు అక్కర్లేదు. యంత్రానికి తప్పు జరగదట. జరగకపోవచ్చు. అయితే మేము నేర్చుకున్నదంతా ఎవరో ఒకరు తప్పు చేసి అరిచినప్పుడే నేర్చుకున్నాం. అందుకు ఇప్పటి పిల్లలను చూసి జాలిపడను. వాళ్ళ తప్పులు వాళ్ళకుంటాయి, నాకు కనబడకపోవచ్చు.

సమాధికి సున్నం నేనే మొదటి పూత వేశాను. కిరణ్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. తడి సున్నం వేసినప్పుడు తెల్లగా ఉండదు. వెలిసిన నీడలా ఉంటుంది, ఆరుతున్నకొద్దీ తెలుపు పైకి వస్తుంది. చూస్తూ నిలబడ్డాను. "ఎండల ఎందుకు అత్తమ్మా, నడువు పోదాం. రేపటికి ఆరిపోతది" అన్నాడు కిరణ్. ఆరడం కాదురా అన్నాను. నీళ్ళు పోతాయి, అంతవరకు ఆరడమే. ఆ తర్వాత చాలా నెలల పాటు గాలిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకొని మళ్ళీ రాయి అవుతుంది. రాయి కాలి సున్నమైంది, సున్నం ఇప్పుడు రాయి అవుతుంది. మీ నాయిన మొదటిసారి చదివినట్టే, కుడి నుంచి ఎడమకు. నేను ఉపమానం చెప్పడం లేదు, సమీకరణం చెబుతున్నాను. "అయితే గీ గాలి ఏడికెల్లి వస్తది?" అని అడిగాడు. వాళ్ళ నాయిన అడిగినట్టే, నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. అక్కడ బొప్పాయి చెట్టు లేదు, గాజు గ్లాసు లేదు. వాణ్ని దగ్గరికి పిలిచి, పక్కన మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, "ఊదు" అన్నాను. ఇద్దరం తడి సున్నం మీద ఊదాం.